మేడం నోఁ అన్నన్నాళ్ళు

పక్షవాతం వచ్చిన మనిషిని చూడ్డానికి జనం బత్తాయిలే ఎందుకు తెస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. విద్య దవాఖాన నుంచి ఇంటికొచ్చిన కొత్తలో మా ఇంట్లో పోగైన బత్తాయిలతో జాంబాగ్‌లో ఒక బండి పెట్టుకోవచ్చు. వచ్చినవాళ్ళు సంచి నా చేతికిచ్చి, ఆమె పక్కన కూర్చుని, "నన్ను గుర్తుపట్టిన్రా మేడం?" అని కేక పెట్టేవాళ్ళు. చెవులు బాగానే ఉన్నాయి, పోయింది మాట అని నేను చెప్పేవాణ్ణి. ఔనౌను అని తలూపి, మళ్ళీ అంతే గట్టిగా అరిచేవాళ్ళు.

విద్య అంటే విద్యావతి, నా భార్య. పిల్లల నోట విద్యా మేడం. ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్ళకు పైగా ఫ్రెంచ్ చెప్పింది. పొద్దున ఒక జూనియర్ కాలేజీలో, సాయంత్రం మా ముందు గదిలో. మా ఇల్లు ఆబిడ్స్‌లో చిరాగలీ గల్లీ లోపలికి, మేడ మీద. కింద జిరాక్సు దుకాణం. మాకు పిల్లలు లేరు. జాలిపడేవాళ్ళు పడొచ్చు గానీ, సాయంత్రమయ్యేసరికి చెప్పులు మెట్ల దాకా బారులు తీరిన ఇంట్లో ఆ లోటు గుర్తుచేసుకోవడానికి మాకు తీరిక దొరకలేదు.

మా ఊళ్ళో ఇంటర్ పిల్లలు ఫ్రెంచ్ తీసుకునేది ఫ్రాన్స్ మీద ప్రేమతో కాదు. తెలుగు తీసుకుంటే పద్యాలు, సంధులు, సమాసాలు. ఫ్రెంచ్ తీసుకుంటే నూటికి తొంభై ఎనిమిది. పరీక్ష రాసిన మర్నాటికి ఒక్క ముక్క గుర్తుండదు. ఈ సంగతి పిల్లలకు తెలుసు, తల్లిదండ్రులకు తెలుసు, కాలేజీకీ తెలుసు. తెలియనట్టు బతికింది విద్య ఒక్కతే. గైడు చూసి బట్టీ కొట్టి రాసే పిల్లలకు నోటితో పలకడం నేర్పేది. ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించేది.

"జ పార్ల్, తు పార్ల్, ఇల్ పార్ల్, నూ పార్లోఁ, వూ పార్లే, ఇల్ పార్ల్."

నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, అతను మాట్లాడతాడు, మేము, మీరు, వాళ్ళు. ఒక్కో మాటకు చెక్క రూళ్ళకర్రతో బల్ల మీద ఒక దెబ్బ. ఎవరైనా తప్పు పలికితే కర్ర ఆగిపోయేది. ఎడమచేతి చూపుడువేలు లేచేది. కళ్ళద్దాల పైనుంచి ఒక చూపు, "నోఁ" అని ఒక మాట, కాదు అని. అప్పుడు గది మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పాలి. ఒక్కడు తప్పితే అందరూ తప్పినట్టే, అదీ ఆమె పద్ధతి. ఇక మెచ్చుకోలు మాటంటారా, "ట్రె బియాఁ" అనే మాట ఆమె నోటినుంచి రాలడం అపురూపం. చాలా బాగుంది అని దానర్థం. అది ఒక్కసారి అనిపించుకున్న పిల్లలు పెళ్ళిళ్ళయ్యాక కూడా చెప్పుకునేవాళ్ళు.

నేను గన్‌ఫౌండ్రీలో బ్యాంకు ఉద్యోగం చేసి సాయంత్రం ఇల్లు చేరేసరికి క్లాసు జోరుగా ఉండేది. ముందు గదిలోంచి పోతే పిల్లలు లేచి నిలబడతారని, నేను వెనక మెట్ల మీదుగా వంటింట్లోకి వచ్చి చాయ్ తాగేవాణ్ణి. ఆ పార్లలూ పార్లేలూ అన్నేళ్ళు నా చెవుల్లో పడ్డాయి. ఒక్కటీ లోపలికి దిగలేదు. నాంపల్లి స్టేషన్ దగ్గర ఇల్లున్నవాళ్ళకు రైలుకూత వినపడనట్టే, నాకూ వినపడలేదు.

బోనాల పండగ వారంలో ఒక పొద్దున విద్య చీర కుచ్చిళ్ళు పెట్టుకుంటూ పెట్టుకుంటూ అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కుడిచెయ్యి పోయింది. కాలు కొంచెం కొంచెంగా తిరిగి వచ్చింది. మాట రాలేదు. మాటల బదులు ఒకే ఒక మాట మిగిలింది: "గదే." అన్నం కావాలన్నా గదే, నొప్పి ఉన్నా గదే, నా మీద కోపమొచ్చినా గదే. ఏ గదేనో ముఖం చూసి పోల్చుకోవాలి. తప్పు పోల్చుకుంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. క్లాసులో గొంతెత్తకుండా అరవైమందిని కూర్చోబెట్టిన మనిషి, మంచినీళ్ళు అడగలేక ఏడుస్తుంటే నాకు బతకబుద్ధయ్యేది కాదు.

నాంపల్లి వైపు ఒక దవాఖానలో మాట నేర్పే అమ్మాయి ఉండేది, వైశాలి. ఆటోలో తీసుకుపోయేవాణ్ణి. ఆ పిల్ల ఓపిక గలది. "సార్, మెదడులో మాట పుట్టే జాగ వేరు, బట్టీ పట్టిన వరుసలు ఉండే జాగ వేరు. పాటలు, మంత్రాలు, అంకెలు, గిట్ల చిన్నప్పటినుంచి వచ్చినవి ఒక్కోసారి బయటికొస్తయి. ఇంట్ల ప్రయత్నం చేయండ్రి" అంది.

ప్రయత్నించాను. హనుమాన్ చాలీసా మొదలుపెట్టాను. విద్య నన్ను వింతగా చూసింది, ఎందుకంటే మా ఇంట్లో అది ఎవరూ చదివింది లేదు. వారాల పేర్లు చెప్పాను. మంగళవారం దగ్గర ఆగిపోయింది. పాత పాటలు పెట్టాను. కళ్ళు మూసుకుని వింది, పెదవి కదపలేదు. ఇక నాకు తట్టలేదు. అన్నేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాను, అయినా తట్టలేదు.

తట్టించింది హైందవి. ఎప్పుడో విద్య దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు ఒక ఆఫీసులో ఉద్యోగం. ఒక ఆదివారం బత్తాయిలు పట్టుకునే వచ్చింది. కాకపోతే అరవలేదు. మేడం చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చుంది. ఆ పిల్లకు ఏడుపు ఆగడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఏడుపు మింగడానికో ఏమో, నవ్వుతూ అంది, "మేడం, ఇంకా యాదున్నది నాకు. జ పార్ల్, తు పార్ల్..."

"ఇల్ పార్ల్" అంది విద్య.

విద్య ఆగలేదు. "నూ పార్లోఁ, వూ పార్లే, ఇల్ పార్ల్." ఎడమచేత్తో కుర్చీ చేతిమీద ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. గొంతు అదే. తడబాటు లేదు, నత్తి లేదు. వంటింట్లో చాయ్ తాగుతూ నేను వినకుండా విన్న గొంతు.

కూరగాయలు కోస్తున్న భాగ్య కత్తిపీట వదిలేసి వచ్చింది. భాగ్య పాలమూరు వైపు మనిషి, పగలంతా మా ఇంట్లోనే ఉండి విద్యను చూసుకునేది. "సార్, అమ్మకు మాటొచ్చిందా?" అంది.

"వచ్చింది" అన్నాను. మాట కాదది, వరుస అని నాకప్పుడు గుర్తులేదు. గుర్తు చేసినా వినేవాణ్ణి కాదు.

హైందవి వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆపాను. "నాకు నేర్పుతవా బిడ్డా?" అన్నాను. డెబ్బై దాటిన ముసలాడు ఇంటర్ ఫ్రెంచ్ నేర్పమంటే ఎవరైనా నవ్వుతారు. ఆ పిల్ల నవ్వలేదు.

పుస్తకం కోసం ఇల్లంతా వెతికాను. రిటైరైన రోజే విద్య ఉన్నవన్నీ పిల్లలకు పంచేసింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, అక్కడ వంగి వంగి వెతికి ఒక ఇంటర్ ఫ్రెంచ్ గైడు సంపాదించాను. ఏ పిల్లవాడిదో, ప్రతి ఫ్రెంచ్ మాట కింద పెన్సిల్‌తో తెలుగులో ఎలా పలకాలో రాసుకున్నాడు. విద్య చూసుంటే చీవాట్లు పెట్టేది. నాకు మాత్రం దేవుడు కనిపించినట్టయింది.

ఆదివారాలు హైందవి వచ్చి నేర్పేది. నిజం చెప్పాలంటే సంగతి అంత కష్టమైంది కాదు. నియమం తప్పకుండా నడిచే ఫ్రెంచ్ క్రియలు మూడు కుటుంబాలు. ఏ క్రియకైనా తోక కత్తిరించి, చేసే మనిషిని బట్టి కొత్త తోక అతికించాలి. నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్ళు. పార్లే అంటే మాట్లాడ్డం, అదొక కుటుంబం. ఫినీర్ అంటే ముగించడం, అదొకటి. వాఁద్ర్ అంటే అమ్మడం, అదింకొకటి. ఒక్కో కుటుంబంలో ఒక్క క్రియ వస్తే మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి. బ్యాంకులో పనిచేసినవాణ్ణి, ఈ పద్ధతి నాకు నచ్చింది. నచ్చనిదల్లా, రాసేటప్పుడు రకరకాల తోకలు రాసి పలికేటప్పుడు సగం మింగేయడం.

"పలకనిదాన్ని రాసుడెందుకు? కాగితం దండుగ" అన్నాను.

"గిది మేడంని అడగాలె అంకుల్. నాకైతే ఆమె చెప్పలే" అంది హైందవి. అని, నాలుక కరుచుకుని తల దించుకుంది. ఇక అడగడానికి లేదని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

పొద్దున టిఫిన్ అయ్యాక విద్య కుర్చీలో, నేను ఎదురుగా బల్ల దగ్గర. నేను మొదలుపెడితే ఆమె అందుకునేది. భాగ్యకు ఇదంతా తమాషా. "ఏంది సార్, పొద్దుగాల్నుంచి పార్లే పార్లే, గా బిస్కెట్ల పేరు తప్ప ఇంకోటి రాదా మీకు?" అనేది. అంటూనే చాయ్‌తో పాటు ఆ బిస్కెట్లే పెట్టేది. విద్య పెదవి చివర నవ్వు కనపడేది. ఇల్లు మళ్ళీ ఇల్లులా ఉంది అనిపించింది.

ఈ సంబరం వైశాలికి చెప్తే ఆ పిల్ల సంతోషిస్తూనే జాగ్రత్తగా మాట్లాడింది. "మంచిదే సార్. కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకుండ్రి. గది అలవాటైన దారి. రైలు పట్టాల మీద పోయినట్టు పోతది. ఆమె మీతోని మాట్లాడుతున్నట్టు కాదు."

నాకు ఒళ్ళు మండింది. ముప్పై ఏళ్ళు లేని నువ్వు నాకు చెప్తావా అనుకున్నాను. పైకి అనలేదు. ఆటోలో వస్తూ విద్య వైపు చూశాను. ఆమె బయట మెట్రో స్తంభాలను చూస్తోంది. "మాట్లాడుతున్నవు కదా నాతోటి?" అన్నాను. "గదే" అంది.

ఔనో, కాదో తెలియలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే జరిగింది. నా పళ్ళసెట్టు పుణ్యమా అని ముక్కుతో పలికే ఆ "ఓఁ" నాకు సరిగా వచ్చేది కాదు. ఆ పొద్దున ధ్యాస ఎక్కడో ఉండి, మేము దగ్గర మీరు తోక తగిలించాను. "నూ పార్లే" అన్నాను.

కుర్చీ చేతిమీద దెబ్బ ఆగిపోయింది. ఎడమచేతి చూపుడువేలు లేచింది. కళ్ళద్దాల పైనుంచి ఆ చూపు.

"నోఁ" అంది విద్య. ఒక్క క్షణం ఆగి, "జ పార్ల్" అని మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది.

నేను ఆమె వెనక చెప్పలేకపోయాను. గదే కాకుండా ఆమె నాతో అన్న మొదటి మాట అది. పట్టాల మీద పోయే రైలు తప్పు విని ఆగదు. విన్నది, పట్టుకుంది, నాకు చెప్పింది. ఆటో కోసం ఆగలేక నాంపల్లి దాకా నడిచిపోయి వైశాలికి చెప్పాను. ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. "గిది మాటే సార్" అంది. "ఆమె విన్నది, ఆలోచించింది, మీకు జవాబు చెప్పింది. గిది మాటే."

ఇక నాకు ఆ నోఁ తప్ప వేరే లోకం లేకుండా పోయింది. ఆ నోఁ ఉన్నంతకాలం విద్య లోపల విద్య ఉన్నట్టు. నేను అడిగేది అంతే, రోజుకు ఒక్క నోఁ.

ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, రోజూ చెప్తుంటే ఎంత మొద్దుకైనా వస్తుంది. నాకూ వచ్చేసింది. పళ్ళసెట్టు సర్దుకుంది, ఓఁ కూడా పలికింది. దసరా నాటికి మూడు కుటుంబాలూ తప్పు పోకుండా చెప్పగలిగాను. చెప్పిన రోజు విద్య నాతోపాటు చివరిదాకా చెప్పి, కళ్ళు మూసుకుంది. నన్ను చూడలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, తప్పు లేదు కదా. ఆ రోజంతా నాకు ఎవరో ఇంట్లోంచి వెళ్ళిపోయినట్టు ఉంది.

మర్నాడు కావాలని తప్పు చెప్పాను. "నూ పార్లే." వేలు లేచింది. చూపు లేచింది. "నోఁ."

అంతే, నాకు దొంగతనం అలవాటైనట్టు అయింది. పొద్దున లేస్తూనే ఈరోజు ఎక్కడ తప్పాలా అని ఆలోచన. మరీ దొడ్డ తప్పులు చెప్తే నటన తెలిసిపోతుంది, మేడం అంత అమాయకురాలు కాదు. అందుకని ఎక్కువగా ఆ పాత తప్పే, మేము దగ్గర మీరు. అది నాకు సహజంగా అబ్బిన తప్పు కదా, నమ్మేది. అప్పుడప్పుడు మాత్రం హద్దు దాటేవాణ్ణి. ఒకరోజు ఫినీర్‌ని మొదటినుంచి చివరిదాకా నాశనం చేశాను. విద్య వేలెత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. ముఖం ఎర్రబడింది. లోపల ఏదో వెతుక్కుంటున్నట్టు నోరు కదిపింది.

"గాడిద" అంది.

వంటింట్లో భాగ్య పగలబడి నవ్వింది. విద్య తన నోటినుంచి వచ్చిన మాట విని తానే బిత్తరపోయి, తర్వాత తనూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. నేను చెప్పులేసుకుని మొజంజాహీ మార్కెట్‌కు పోయి సీతాఫలం ఐస్‌క్రీం కట్టించుకుని వచ్చాను. దారిలో కింద జిరాక్సు అతను ఏంది సార్ ఇంత ఖుషీ అంటే, "నా భార్య నన్ను గాడిద అన్నది" అని చెప్పాను. "మంచిదే సార్" అన్నాడు పాపం, ఏమనాలో తెలియక. షుగరున్న మనిషిని ఆ రోజు రెండు కప్పులు తిన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోట ఇంత తియ్యటి మాట వినలేదు.

నా దొంగతనం పట్టుకుంది హైందవే. కార్తీకమాసంలో ఒక ఆదివారం, విద్య నిద్రలో ఉన్నప్పుడు, వరండాలో నాతో క్రియలన్నీ అప్పజెప్పించుకుంది. తర్వాత మెల్లగా అడిగింది. "అంకుల్, నాతోటి చెప్పేటప్పుడు ఒక్క తప్పు పోదు. మేడం ముందట మాత్రం నూ దగ్గర పోతది. కావాలని చెప్తున్నరు కదా?"

"ఔ" అన్నాను.

"ఎందుకంకుల్?"

"తప్పు లేకుంటే ఆమె నాతోటి ఏం మాట్లాడతది బిడ్డా?"

హైందవి గల్లీలోకి చూసింది. తర్వాత అంది, "నాకు మేడం ఒక్కసారే ట్రె బియాఁ అన్నరు. గా రోజు బస్సెక్కకుండ కాచిగూడ దాకా నడుసుకుంట పోయిన. మీరు ఒక్కసారి ఆమె ముందట అన్నీ సరిగ్గ చెప్పండ్రి అంకుల్, చెప్పి ఆమె దిక్కు చూడండ్రి. అంటరేమో."

ఆ మాట నన్ను పట్టుకుంది. అంటుందేమో. గాడిద అన్న మనిషి ట్రె బియాఁ అనకూడదా? కానీ అనకపోతే? చెప్పేసి, ఆమె వైపు చూసి, ఆమె కళ్ళు మూసుకుంటే? అది తట్టుకునే ధైర్యం నాకు లేదు. ఇవాళ కాదు రేపు అని వాయిదా వేస్తూ వచ్చాను. తప్పు చెప్తే నోఁ ఖాయం. ఒప్పు చెప్తే ఏమొస్తుందో తెలియదు. ఖాయమైనదాన్నే రోజూ తీసుకున్నాను. చలి ముదిరింది. నుమాయిష్ మొదలైంది. ఎగ్జిబిషన్ గ్రౌండ్ నుంచి మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు గాలివాటున మా మేడ దాకా వినపడుతున్నాయి. ఇక లాభం లేదనుకుని హైందవికి ఫోన్ చేశాను. "ఈ ఆదివారం చెప్త. నువ్వుండాలె" అన్నాను.

శనివారం పొద్దున మామూలుగానే కూర్చున్నాం. రేపు ఎలాగూ ఒప్పు చెప్పాలి, ఇవాళ ఒక నోఁ తీసుకుందాం అని నాకు ఆశ. పిల్లవాడు పండగ ముందురోజే లడ్డూ దొంగిలించినట్టు.

"జ పార్ల్, తు పార్ల్, ఇల్ పార్ల్." విద్య నాతోపాటే చెప్తోంది. చెయ్యి మాత్రం కుర్చీ మీద ఊరికే ఉంది, దెబ్బ వెయ్యడం లేదు. చలికి అనుకున్నాను. "నూ పార్లే" అన్నాను.

"నూ పార్లే" అంది విద్య.

నేను ఆగాను. వేలు లేవలేదు. నిద్ర సరిపోలేదేమో అనుకుని, చాయ్ తాగించి, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. మళ్ళీ అదే చోట అదే తప్పు. "నూ పార్లే" అంది, మెత్తగా, బుద్ధిగా. అప్పుడు ఆమె ముఖం సరిగ్గా చూశాను. కళ్ళద్దాల పైనుంచి చూడ్డం లేదు. అద్దాల్లోంచి నా నోటినే చూస్తోంది. కొత్తగా చేరిన పిల్లలు పంతులు నోరు చూస్తారే, అలా.

"విద్యా, తప్పు చెప్పిన నేను. నోఁ అను" అన్నాను.

"తప్పు" అనలేదు, "నోఁ" అనలేదు. "గదే" కూడా అనలేదు. నా నోటి నుంచి తర్వాత ఏం వస్తుందా అని చూస్తూ కూర్చుంది. నేను "నోఁ, నోఁ" అని అరిచానట, భాగ్య చెప్పింది. నాకు గుర్తులేదు.

దవాఖానకు తీసుకుపోయాం. స్కాన్ తీశారు. చిన్న చిన్న స్ట్రోకులు మళ్ళీ వచ్చినట్టున్నాయి, ఒక్కోసారి చప్పుడు లేకుండా వస్తాయి, మనకు తెలియదు అన్నాడు డాక్టరు. మందు మార్చి రాశాడు. నేను వైశాలి గది బయట ఆ పిల్ల కోసం కూర్చున్నాను. వచ్చాక అడగాల్సింది అడిగాను.

"అమ్మా, నెలల తరబడి రోజూ తప్పు చెప్పిన నేను. ఆమె చెవిల పోసినట్టు చెప్పిన. నేనే చెడగొట్టిన్నా?"

"లేదు సార్" అంది వెంటనే. "అట్ల కాదు. మీరు ఫికర్ పెట్టుకోకుండ్రి. మీరు చెప్పకపోయినా ఇట్లనే అయితుండె."

అంత తొందరగా ఎందుకు చెప్పింది? మంచి పిల్ల, నా ముఖం చూసి చెప్పి ఉంటుంది. నిజమే కావచ్చు కూడా. కానీ ఆమె తలలో మిగిలిన ఆ ఒక్క గదిలోకి రోజూ పోయి, నా కోసం, నా ఒక్క మాట కోసం, సామాను అటూ ఇటూ జరిపింది నేనే కదా. ఇది ఏ స్కానులోనూ కనపడదు. నేను పోయేదాకా నాకు కనపడుతూనే ఉంటుంది.

ఆదివారం హైందవి వచ్చింది. ఫోన్ చేసి వద్దని చెప్పడం మరిచిపోయాను. పాపం, పట్టుచీర లాంటిదేదో కట్టుకుని, పండక్కి వచ్చినట్టు వచ్చింది. గుమ్మంలో నా వాలకం చూసి సంగతి గ్రహించింది. గోడ పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

ఎవరో పిలిచినట్టు నేను లేచి అలమార తెరిచాను. చెక్క రూళ్ళకర్ర అక్కడే ఉంది, అంచులు అరిగిపోయి. విద్య కుర్చీ ఎదురుగా నా కుర్చీ వేసుకుని, బల్ల మీద ఒక దెబ్బ వేశాను. ఆమె ఉలిక్కిపడి నన్ను చూసింది.

"జ పార్ల్" అన్నాను.

"జ పార్ల్" అంది.

"తు పార్ల్."

"తు పార్ల్."

ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ. ఆమె నాతోపాటు చెప్పడం లేదు, నా వెనక చెప్తోంది. మేము దగ్గరకు వచ్చేసరికి నా నాలుక అలవాటుకొద్దీ తప్పువైపు జారబోయింది. పట్టుకున్నాను. గట్టిగా, ముక్కుతో, ఆమె చెప్పించినట్టే, "నూ పార్లోఁ" అన్నాను.

"నూ పార్లే" అంది.

నేను కర్ర ఆపాను. నా ఎడమచేతి వేలు లేచింది. ఎలా లేచిందో నాకు తెలియదు, ఆ వేలు ఎన్నడూ అలా లేవలేదు. "నోఁ" అన్నాను. ఆమె కళ్ళు చెమర్చాయి. అయినా ఆపలేదు, మళ్ళీ మొదటినుంచి చెప్పించాను. మూడోసారికో నాలుగోసారికో పెదవులు గుండ్రంగా చుట్టి, నా నోరు చూసుకుంటూ, "నూ పార్లోఁ" అంది. "వూ పార్లే" అంది. "ఇల్ పార్ల్" అంది. అని, ఆగి, నా ముఖంలోకి చూసింది. సరిగ్గా చెప్పానా అని.

హైందవి పీట మీద ముఖం చేతుల్లో దాచుకుంది.

"ట్రె బియాఁ" అన్నాను.

విద్య నవ్వింది. ముఖమంతా నవ్వింది. ఎడమచెయ్యి చాపి నా చెయ్యి మీద వేసింది.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున మా క్లాసు జరుగుతూనే ఉంది. నేను ఒక్క తప్పు కూడా చెప్పను. చెప్తే దిద్దేవాళ్ళు ఇంట్లో లేరు.